క్లచ్‌లో రెండో దొంగ

మా బాబాయి ఏ మనిషినైనా చూసిన పది నిమిషాల్లో అతను ఏ రకం క్లచ్చో తేల్చేస్తాడు. ముప్పై ఏళ్ళుగా అట్టపెట్టెల ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఫిట్టర్‌గా ఉన్న మనిషికి ఇంకో కొలబద్ద దొరకలేదు కాబోలు. కరెంటు ఇస్తే అయస్కాంతమై రెండు చక్రాలను కలిపేది, కరెంటు తీస్తే విడదీసేది క్లచ్, సంసారమైనా అంతకుమించి ఏముందంటాడు. మా పిన్ని సింగిల్ ప్లేటట. ఒకటే పలక, ఒకటే మాట. అంటుకుంటే టక్కున అంటుకుంటుంది, వదిలిందా టక్కున వదిలేస్తుంది. స్టోర్ కీపర్ మల్టీ ప్లేట్. పలుచటి పలకలు పది, ఒకదాని మీద ఒకటి, నూనెలో ముంచి ఉంచితే తప్ప కదలవు. "ఓ బోల్టు కావాలంటే ముందు ఆయన్ని ఓ పావుగంట పొగడాలి. అదే నూనె" అని బాబాయి నాకు పెద్ద రహస్యంలా చెప్పాడు.

మేనేజర్ గారిది ఎడ్డీ కరెంట్ రకం. అందులో రెండు భాగాలూ ఒకదాన్నొకటి తాకవు. ఒకటి ముందు తిరుగుతుంటే రెండోది వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది. రెండూ సమానంగా తిరిగితే అసలు లాగుడే ఉండదు. "అందుకే ఆయన ఎవర్నీ తనతో సమానంగా రానివ్వడు. మధ్యలో పుట్టేది వేడొక్కటే" అనేవాడు బాబాయి, మేనేజర్ గారు గది తలుపు వేసుకున్నాక.

నేనే రకమని అడిగితే మాత్రం "నువ్వింకా తీగ చుట్టని బాబిన్‌వి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఐదో రోజు ఆయనే టీ తెచ్చి నా ముందు పెట్టి, తీగ చుట్టడం నేర్పడం మొదలుపెట్టాడు.

అది రెండేళ్ళ కిందటి మాట. అప్పటికే నేను ఐదేళ్ళుగా కటింగ్ ప్రెస్సుకు అట్టలు పెడుతున్నాను. ప్రెస్సు నోరు తెరుస్తుంది, అట్ట లోపల పెట్టాలి, చేయి తీసుకోవాలి, అది నోరు మూసి అట్టను పెట్టె ఆకారంలో కోస్తుంది. నిమిషానికి ఇరవైసార్లు, రోజుకు ఎనిమిది గంటలు. ఆ నోటికి తిండి పెట్టీ పెట్టీ నాకు విసుగొచ్చింది. దాని పొట్టలో ఏముందో చూడాలనిపించింది. మధ్యాహ్నం అందరూ అన్నాలు తిని కునుకు తీస్తుంటే నేను బాబాయి వెనకాల పానాలు మోసుకుంటూ తిరిగేదాన్ని. అలా రెండేళ్ళు తిరిగాక రెండో ఫిట్టర్ కావాలని కాగితం అంటించారు. నేను పేరిచ్చాను. నెగ్గితే పానా నాది. ఓడితే అట్టలే గతి, ఇంకో అవకాశం ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

మా ఫ్యాక్టరీలో ఫిట్టర్ పరీక్షకు రాతకోతలు లేవు. దొంగ పెడతారు. అంటే, పెద్ద ఫిట్టర్ పొద్దున్నే వచ్చి ఏదో ఒక మెషీన్‌లో ఎవరికీ తెలియకుండా ఒక లోపం దాచిపెడతాడు. అదే దొంగ. పరీక్షకు వచ్చినవాళ్ళు మధ్యాహ్నం గంట కొట్టేలోగా ఆ దొంగను పట్టుకుని అందరి ముందు చూపించాలి. బాబాయి కూడా ముప్పై ఏళ్ళ కిందట అలాగే నెగ్గాడు. ఆయన ముందు వచ్చినతను మోటారంతా విప్పి నేల మీద పరిచాడట. దొంగ గోడ మీది స్విచ్చులో ఉన్నాడు.

ఈసారి దొంగను పెట్టేది మా బాబాయి. పోటీకి వచ్చినవాళ్ళు ఇద్దరు, ఒకరు నేను, రెండోవాడు మేనేజర్ గారి బావమరిది. ఎటు చూసినా చుట్టరికమే కాబట్టి ఎవరూ నోరెత్తలేదు.

బావమరిది పరీక్ష శుక్రవారం అయింది. అతనికి కాగితం చుట్టే పాత మెషీన్ ఇచ్చారు, పళ్ళ క్లచ్‌ది. ఆ రకంలో రెండు వైపులా పళ్ళుంటాయి, ఒకదాంట్లో ఒకటి దిగితే ఇక జారడమన్నది ఉండదు. ఒకటే షరతు, మెషీన్ ఆగి ఉన్నప్పుడే కలపాలి. అతను దొంగను వెతకడం మానేసి, మోటారు పూర్తి వేగంలో తిరుగుతుండగా బటన్ నొక్కాడు. ఆ చప్పుడుకి పక్క షెడ్డువాళ్ళు కూడా పరుగెత్తుకొచ్చారు. పదకొండు పళ్ళు రాలాయి. బాబాయి వాటిని ఏరి ఒక డబ్బాలో పోసి మేనేజర్ గారి బల్ల మీద పెట్టి వచ్చాడు. అయినా బావమరిది ముఖంలో రవ్వంత సిగ్గు లేదు. "హిస్టరిసిస్ క్లచ్ రకం. ఎంతసేపు జారినా అరగదు" అన్నాడు బాబాయి.

"తప్పు చేసినవాడే నేర్చుకుంటాడు" అన్నారు మేనేజర్ గారు. బావమరిదికి నీలం యూనిఫాం అప్పటికే కుట్టించేశారు. శనివారం నేనూ తప్పితే ఆ ఉద్యోగం ఆ చొక్కాకే.

నాకు దక్కింది పిన్ని పనిచేసే కొత్త ప్రెస్సు. అది వచ్చి నాలుగు నెలలైంది. ఇన్నాళ్ళూ అమ్మిన కంపెనీ మనిషే వచ్చి దాని బాగోగులు చూసేవాడు. ఈ వారమే మా చేతికి వదిలాడు. దాంట్లో క్లచ్, బ్రేకు రెండూ ఒకే డబ్బాలో జంటగా ఉంటాయి, రెండూ అయస్కాంతాలే. తొక్కుడు చెక్క తొక్కితే క్లచ్ పట్టుకుని ప్రెస్సును నడుపుతుంది. ముందున్న ఎర్ర బద్దను చేత్తోనో మోచేత్తోనో తాకితే క్లచ్ వదిలేసి బ్రేకు పట్టుకుంటుంది, నోరు సగంలోనే ఆగిపోతుంది. లోపల చేయి ఉన్నా భయం లేదు. పాత ప్రెస్సుల మీద మేం దేవుడి మీద భారం వేసేవాళ్ళం, కొత్తదాని మీద ఎర్ర బద్ద మీద వేశాం.

బుధవారం సాయంత్రం వాళ్ళింట్లో అన్నం తింటుంటే పిన్ని అంది, "ఏమండీ, ఆ ప్రెస్సు ఇవాళ మధ్యాహ్నం నుంచి ఆగమంటే ఆలోచిస్తోంది."

"నీ చేయి ఆలస్యమై ఉంటుంది" అన్నాడు బాబాయి పచ్చడి కలుపుకుంటూ.

"పాతికేళ్ళుగా ఆలస్యం కాని చేయి ఇవాళే ఎందుకవుతుంది?"

"కొత్త మెషీన్. సర్దుకుంటుంది లే."

నేను వింటూనే ఉన్నాను. నా బుర్రంతా శనివారం మీద ఉంది కాబట్టి పట్టించుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే లెంపకాయ కొట్టుకోవాలనిపిస్తుంది.

గురువారం ఆ ప్రెస్సు పుస్తకం కోసం వెతికాను. స్టోర్ కీపర్ బల్ల ఊగకుండా దాని కాలి కింద పెట్టుకున్నాడు. పావుగంట పొగిడి బయటికి లాగాను. బొమ్మలు చూస్తూ పోతే క్లచ్ డబ్బా పక్కన మూత ఉన్న చిన్న కన్నం కనిపించింది. ఆ కన్నంలోంచి ఫీలర్ గేజ్, అంటే విసనకర్రలా విచ్చుకునే పలుచటి ఉక్కు రేకుల గుత్తి, లోపలికి దూర్చి పలకల మధ్య సందు కొలవాలట. పక్కనే నూనె డబ్బా బొమ్మ, దాని మీద ఇంత పెద్ద ఇంటూ గుర్తు. ఈ క్లచ్ పొడిగా ఉండాలి, నూనె చుక్క తగలకూడదు. బాబాయికి ఈ సంగతి తెలిసే ఉంటుందనుకున్నాను. ఆయనకు తెలియనిది ఒకటుంటుందన్న ఆలోచనే నాకు తట్టలేదు.

శనివారం తొమ్మిదింటికి జనం చేరారు. బావమరిది ఇస్త్రీ చేసిన నీలం చొక్కా వేసుకుని ముందు వరసలో నిలబడ్డాడు. నేను మోటారు వేశాను. పెద్ద చక్రం తిరిగింది. తొక్కుడు చెక్క తొక్కాను. క్లచ్ పట్టుకుంటే వినిపించే టక్కుమన్న చప్పుడు రాలేదు.

మోటారు ఆపి, మెయిన్ స్విచ్ తీసి, తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకున్నాను. డబ్బా పైకప్పు తీసి, క్లచ్‌కు వెళ్ళే చిన్న కరెంటు ఒక్కటే ఇచ్చి చూశాను. తీగ చివరిదాకా కరెంటు వస్తోంది. స్క్రూడ్రైవర్ మొన కాయిల్ దగ్గర పెట్టాను. అయస్కాంతమైతే లాగాలి, లాగలేదు. అంటే తీగకూ కాయిల్‌కూ మధ్యలోనే దొంగ ఉన్నాడు. తిరిగే కాయిల్‌కు కరెంటు అందించేది రాగి కడియం మీద ఆనుకుని ఉండే చిన్న బొగ్గు ముక్క. ఆ ముక్కను ఊడదీస్తే కొసకు అంటుకుని ఉంది, బిస్కెట్ పొట్లం పైన ఉండే పారదర్శకమైన కాగితం, గోరంత. దాన్ని పట్టకారుతో పైకెత్తి చూపించాను. ఇరవై ఐదు నిమిషాలు పట్టింది.

షెడ్డంతా చప్పట్లు. పిన్ని ఈల వేసింది. ఆమెకు ఈల వచ్చని నాకు అంతవరకు తెలియదు. బాబాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ ఆయన దుమ్ము పడిందన్నాడు. జేబులోంచి పరీక్ష కాగితం తీసి, పెన్ను మూత నోటితో పీకాడు.

"ఒకసారి నడిపి చూపించండి" అన్నారు మేనేజర్ గారు, వాచీ చూసుకుంటూ.

అన్నీ బిగించి తాళం తీశాను. పిన్ని తన చోట నిలబడి అట్ట అందుకుంది. తొక్కింది. టక్కుమంది కానీ ప్రెస్సు కదలడంలో ఏదో నీరసం, నిద్ర లేవనట్టు. రెండో అట్టకు పిన్ని కావాలని మోచేత్తో ఎర్ర బద్దను తాకింది. నోరు సగంలో ఆగాలి. ఆగలేదు. మూసుకుంటూ వచ్చి, రెండు వేళ్ళ సందు మిగిలిందనగా నిలిచింది.

"చూశావా, బుధవారం నుంచీ ఇదే వరస" అంది పిన్ని నాతో, మామూలుగా, ఇంకో అట్ట అందుకుంటూ.

బాబాయి చూడలేదు. గోడకు కాగితం ఆనించి నా పేరు రాస్తున్నాడు.

కదలడంలో నీరసం, ఆగడంలో ఆలస్యం. క్లచ్ జారుతోంది, బ్రేకూ జారుతోంది. రెండూ ఒకేసారి చెడవు. రెండింటి మీదా ఏదో పడింది. బుధవారం పడింది. బుధవారం మా ఫ్యాక్టరీలో నూనె రోజు. బాబాయి కొంగముక్కు డబ్బా పట్టుకుని ప్రతి మెషీన్ దగ్గరికీ వెళ్తాడు. మూత ఉన్న కన్నం కనిపిస్తే నూనె పోయకుండా ముందుకు కదలడు.

నిజం చెప్పాలంటే ముందు నాకు వచ్చింది చెడ్డ ఆలోచనే. నోరు మూసుకుంటే సంతకం పడుతుంది. సోమవారం ఎవరూ చూడకుండా విప్పి పలకలు మార్చేయొచ్చు. బాబాయి పరువు నిలుస్తుంది, నా ఉద్యోగం నాకుంటుంది. పిన్ని షిఫ్టు ఇవాళ సాయంత్రం ఆరుదాకా ఉంది. ఎనిమిది గంటలు, నిమిషానికి ఇరవైసార్లు. అక్కడికి వచ్చేసరికి నా లెక్క ముందుకు సాగలేదు.

"పిన్నీ, చేయి తియ్" అని అరిచి మోటారు ఆపేశాను.

బాబాయి తలెత్తాడు. "ఏమైంది అమ్మాయ్? దొంగ దొరికాడు కదా!"

"ఇంకో దొంగ ఉన్నాడు బాబాయ్."

"ఇంకోడెవడు?"

మళ్ళీ తాళం వేసి, క్లచ్ డబ్బా కింది బోల్టులు విప్పాను. ఒక బోల్టు జారి బల్ల కిందికి పోయింది. కింది రేకు ఊడేసరికి నల్లటి నూనె ధారగా కారి నా చెప్పుల మీద పడింది. పలకలు రెండూ తడిసి నిగనిగలాడుతున్నాయి.

"ఇందులో నూనె ఎవరు పోశారు?" అన్నారు మేనేజర్ గారు.

ఆ మెషీన్లకు నూనె పోసేది ఒక్కడేనని అక్కడ అందరికీ తెలుసు. బాబాయి ముఖం ముందు తెల్లబోయింది, తర్వాత ఎర్రబడింది. ఆ తర్వాత, నేను చూస్తుండగానే, ఆయన మీసం మీద చేయి వేశాడు.

"నేనే పోశాను" అన్నాడు. "అదే రెండో దొంగ. ఒక్కడైతే ఎవరైనా పడతారు. అందుకే ఎవరికీ చెప్పకుండా ఇద్దర్ని పెట్టాను. ఇద్దర్నీ పట్టింది మా పిల్ల!"

జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఇంతకుముందు కంటే గట్టిగా. మేనేజర్ గారు కూడా తల ఊపారు. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. అబద్ధమని తెలుసు. అయినా ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆయన పరువు దక్కింది, నా ఉద్యోగం దక్కింది, పిన్ని చేతులు దక్కాయి. ఇంతకంటే ఏం కావాలని సిగ్గులేకుండా నవ్వేశాను కూడా.

పిన్ని మాత్రం చప్పట్లు కొట్టలేదు. "ఎప్పుడు పోశారు?" అంది.

"పొద్దున్నే. దొంగను పెట్టేది పొద్దున్నే కదా."

"మరి బుధవారం నుంచి ఎందుకు ఆగట్లేదు?"

బాబాయి పెన్ను మూత వెతుక్కున్నాడు. అది ఆయన నోట్లోనే ఉంది.

పిన్ని ప్రెస్సు వదిలి ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. రెండు చేతులూ ఆయన ముఖం ముందు చాపింది. అట్టల అంచులు కోసీ కోసీ గీతలు పడ్డ చేతులు, పది వేళ్ళూ ఉన్నాయి. "బుధవారం నుంచి ఇవి అందులో పెడుతున్నాను. తెలిసే పెట్టించావా నువ్వు?"

వాళ్ళ కాపురంలో పిన్ని ఆయన్ని 'నువ్వు' అనడం నేను మొదటిసారి విన్నాను. బాబాయి ముందున్నవి రెండే దారులు. తెలిసి పెట్టించానంటే పరువు ఉంటుంది, మనిషి ఉండడు. తెలియదంటే ముప్పై ఏళ్ళ పేరు పోతుంది. ఆయన ఆ చేతుల్నే చూస్తూ నోట్లోంచి మూత తీశాడు.

"తెలియక పోశాను" అన్నాడు. "ఆ కన్నం నూనె కోసమే అనుకున్నాను. దానికి మూత ఉంది మరి." ఇంకా చిన్న గొంతుతో అన్నాడు, "నువ్వు చెప్పినప్పుడైనా చూడాల్సింది."

నాకు ఏడుపొచ్చింది. ఏ మెషీన్ గురించి అడిగినా 'తెలియదు' అనని మనిషి ఆయన. తెలియకపోతే అప్పటికప్పుడు కల్పించి చెప్పేవాడు తప్ప ఆ మాట అనేవాడు కాదు.

ఇందాక తల ఊపిన మేనేజర్ గారికి ఇప్పుడు ఊపొచ్చింది. "అయితే ఈ పరీక్ష చెల్లదు. పెట్టినవాడికే జవాబు తెలియని పరీక్ష ఏం పరీక్ష? ఆయన సంతకానికి విలువేముంది?" అన్నారు. బావమరిది చొక్కా కాలరు సర్దుకున్నాడు.

అంతలో ఓనరు ఫోను వచ్చింది, మధ్యాహ్నం వెళ్ళాల్సిన పెట్టెలేవని. పౌడర్ క్లచ్‌లో ఇనుపపొడి ఉంటుంది, కరెంటు లేనప్పుడు వదులుగా పడి ఉండి, పైనుంచి కరెంటు తగలగానే బిగుసుకుపోతుంది. మేనేజర్ గారు ఫోను పట్టుకుని అలాగే బిగుసుకుపోయి "చేస్తున్నాం సార్, ఇప్పుడే సార్" అన్నారు. ఫోను పెట్టి బావమరిది వైపు చూశారు. అతను రాలిన పళ్ళ మెషీన్ వైపు చూశాడు. చివరికి ఆయన నా వైపు చూశారు.

రెండు గంటలు పట్టింది. నూనె పీల్చిన పలకలు తుడిస్తే బాగుపడవు. మెషీన్‌తో పాటు వచ్చిన కొత్త జత స్టోరులో ఉంటే తెచ్చాను. ఇనుప ముఖాలు థిన్నర్‌తో మూడుసార్లు కడిగాను. బాబాయి పక్కనే కూర్చుని నేను అడిగిన పానా అడిగినట్టు అందించాడు. చివర్లో ఆ కన్నంలోంచి ఫీలర్ గేజ్ దూర్చి, విజిటింగ్ కార్డు మందమంత సందు వచ్చేదాకా సర్దాను. ఆయన తల వంచి ఆ కన్నంలోకి చాలాసేపు చూశాడు.

మోటారు వేశాను. పిన్ని ఒక అట్ట పెట్టి, నోరు మూసుకోబోతుండగా ఎర్ర బద్ద తాకింది. టక్. నోరు సగంలో ఆగింది. ఇంకోసారి. ఇంకోసారి. పదిసార్లు చేసింది, పదిసార్లూ అదే చోట ఆగింది. అప్పుడామె చేతులు తుడుచుకుని నేరుగా మేనేజర్ గారి దగ్గరికి వెళ్ళింది.

"సార్, ఆ కాగితం ఇటివ్వండి."

"నీకెందుకమ్మా?"

"ఇందాక మా ఆయన సంతకం చెల్లదన్నారు. ఒప్పుకుంటున్నాను, ఆయనకు తెలియదు. మరి ఆ నోట్లో రోజంతా చేతులు పెట్టేది ఎవరు సార్? మీరా? మీ బావమరిదా? అది ఆగుతుందో లేదో చెప్పాల్సింది నేను. ఆగుతుంది. సంతకం నేను పెడతాను. చెల్లదంటే మీరొచ్చి ఒక్క అట్ట పెట్టండి, ఇతని చేత బాగుచేయించుకుని."

మేనేజర్ గారు ప్రెస్సు నోటి వైపు చూశారు. తర్వాత తన చేతుల వైపు చూసుకుని, రెంటినీ ప్యాంటు జేబుల్లో దాచుకున్నారు. కాగితం బల్ల మీద ఉంది. పెన్ను బాబాయే తెచ్చి పిన్నికి ఇచ్చాడు. ఆమె తన పేరు పూర్తిగా, ఒక్కో అక్షరం ఒత్తి రాసింది. తర్వాత పెన్ను తిరిగి ఇవ్వకుండా జాకెట్లో దోపుకుని, ప్రెస్సు దగ్గరికి నడిచింది.

"ఇవాళ్టి నుంచి ఇది ఆగకపోతే ఆయన్ని అడగను, నిన్నే అడుగుతాను" అంది నాతో.

అట్ట అందుకుంది, తొక్కింది, చేయి లోపల పెట్టింది. నేను సంతోషించాల్సింది. ఏడేళ్ళు ఆ నోళ్ళలో నా చేతులు పెట్టినప్పుడు ఒక్కరోజు కూడా భయపడలేదు. ఇప్పుడు పిన్ని చేయి లోపలికి వెళ్ళి బయటికి వచ్చేదాకా నాకు ఊపిరాడలేదు. మళ్ళీ వెళ్ళింది.